కలకత్తా పేరు దగ్గర ఆగిపోయిన మా డేటాబేస్

శనివారం సాయంత్రం మా సర్వర్‌లోని డెబియన్ లినక్స్‌ని 12 నుంచి 13కి మార్చాను. దాంతో పాటు మా డేటాబేస్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌గ్రెస్ 15 నుంచి 17కి వచ్చింది. అంతా సాఫీగా అయిపోయింది, ఆదివారం ఎవరూ ఫోన్ చెయ్యలేదు. సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకి మొదలైంది. "అన్నా, డీబీ కనెక్ట్ అవట్లేదు" అని ఒకరి తర్వాత ఒకరు. మా హైదరాబాద్ ఆఫీసులో జావా మీద పనిచేసేది ఎనిమిది మంది. అందులో ఏడుగురివి విండోస్ ల్యాప్‌టాప్‌లు, ఆ ఏడుగురికీ కనెక్షన్ రావట్లేదు. ఉబుంటు లినక్స్ వాడే అమ్మాయికి మాత్రం మామూలుగానే పనిచేస్తోంది.

పాస్‌వర్డ్ గొడవేమో అనుకున్నాను. ఏ ఐపీలని రానివ్వాలో రాసే ఫైల్ తిరగేశాను, ఫైర్‌వాల్ చూశాను. గంట పోయింది, టెన్షన్ పెరిగింది. చివరికి పోస్ట్‌గ్రెస్ లాగ్ తెరిచి నిదానంగా చదివితే విషయం అక్కడే ఉంది: "ఫేటల్: ఇన్‌వాలిడ్ వాల్యూ ఫర్ పారామీటర్ టైమ్‌జోన్: ఏషియా/కలకత్తా". అంటే, ఆ టైమ్ జోన్ పేరు చెల్లదు అని.

మా కోడ్‌లో ఎక్కడా కలకత్తా అని రాయలేదు. మరి ఎక్కడి నుంచి వచ్చింది? విండోస్ మన టైమ్ జోన్‌ని ఇండియా స్టాండర్డ్ టైమ్ అంటుంది. జావా తన దగ్గరున్న పట్టిక చూసి దాన్ని ఏషియా/కలకత్తాగా మారుస్తుంది. కనెక్ట్ అయ్యేటప్పుడు, జావాని డేటాబేస్‌తో కలిపే డ్రైవర్ ఆ పేరునే పోస్ట్‌గ్రెస్‌కి పంపిస్తుంది. డెబియన్‌లో పోస్ట్‌గ్రెస్‌కి సొంత టైమ్ జోన్ ఫైళ్లు ఉండవు, సిస్టమ్‌లోని జోన్‌ఇన్ఫో ఫోల్డర్‌లోనే వెతుక్కుంటుంది. ఆ ఫోల్డర్‌లో ఏషియా జాబితా తీసి చూశాను. బ్రూనై ఉంది, దాని వెంటనే చిటా. మధ్యలో ఉండాల్సిన కలకత్తా లేదు. కింద కోల్‌కతా మాత్రం ఉంది. ఉబుంటు ల్యాప్‌టాప్ పంపేది ఆ పేరే.

ఊరి పేరు అధికారికంగా కోల్‌కతా అయింది 2001లో. కంప్యూటర్లు వాడే టైమ్ జోన్ డేటాబేస్‌లో మారింది 2008లో. పాత పేరు వాడేవాళ్లు ఇబ్బంది పడకుండా దాన్ని లింకుగా ఉంచుతూ వచ్చారు. డెబియన్ 13లో అలాంటి పాత పేర్లన్నిటినీ, యూఎస్/ఈస్టర్న్, ఏషియా/సైగాన్ లాంటివాటితో సహా, టీజెడ్‌డేటా-లెగసీ అనే వేరే ప్యాకేజీలో పెట్టారు. అది దానంతట అది ఇన్‌స్టాల్ కాదు. ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే ఆప్ట్ కమాండ్‌తో వేశాను. పోస్ట్‌గ్రెస్‌ని రీస్టార్ట్ చెయ్యకుండానే ఏడుగురికీ కనెక్షన్ వచ్చేసింది.

అక్కడితో వదిలేసి ఉంటే అసలు నష్టం నాకు తెలిసేదే కాదు. ఇంకెక్కడెక్కడ ఆ పేరు ఉందో చూద్దామని సర్వర్ మొత్తం గ్రెప్ కమాండ్‌తో వెతికితే బ్యాకప్ స్క్రిప్ట్‌లో దొరికింది. మా సర్వర్ నడిచేది యూటీసీలో, అంటే గ్రీనిచ్ టైమ్‌లో. రాత్రి 20:30కి, అంటే మనకి తెల్లవారుజామున రెండింటికి, బ్యాకప్ తీస్తుంది. ఫైల్ పేరులో మన తేదీ రావాలని డేట్ కమాండ్ ముందు టీజెడ్=ఏషియా/కలకత్తా అని ఎప్పుడో ఐదేళ్ల కింద నేనే రాశాను. లెగసీ ప్యాకేజీ లేని ఇంకో మెషీన్‌లో ఆ కమాండ్ కొట్టి చూశాను. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. ఐదున్నర గంటలు వెనక ఉన్న యూటీసీ టైమే చూపించి, ఐఎస్‌టీ అని ఉండాల్సిన చోట "ఏషియా" అని రాసింది. పేరు దొరక్కపోతే, టైమ్ లెక్కకట్టే సిస్టమ్ లైబ్రరీ ఆ మొదటి ముక్కనే జోన్ పేరు అనుకుని, తేడా సున్నా అనుకుని ముందుకు వెళ్లిపోతుంది.

దాని ఫలితం బ్యాకప్ ఫోల్డర్‌లో కళ్లెదుటే కనిపించింది. ఆదివారం తెల్లవారుజామున తీసిన బ్యాకప్ శనివారం తేదీతో సేవ్ అయింది. అప్పటికే అదే పేరుతో ఉన్న అసలు శనివారం ఫైల్ చెరిగిపోయింది. అంటే అప్‌గ్రేడ్‌కి ముందు స్క్రిప్ట్ తీసిన ఆఖరి బ్యాకప్ లేనట్టే. అప్‌గ్రేడ్ మొదలుపెట్టే ముందు విడిగా చేత్తో ఒక డంప్, అంటే డేటాబేస్ మొత్తం కాపీ, తీసి నా మెషీన్‌లో పెట్టుకున్నాను కాబట్టి సరిపోయింది. పోస్ట్‌గ్రెస్ గట్టిగా అరిచి ఆగిపోయినందుకు పొద్దున చిరాకుపడ్డాను. ఆ ఫోల్డర్ చూశాక, అలా ఆగడమే సరైన పని అని నాకు గట్టిగా అనిపించింది.

ఆ వారమంతా పాత పేర్లు మార్చే పనే. జావా స్టార్ట్ అయ్యేచోట యూజర్ టైమ్‌జోన్‌గా ఏషియా/కోల్‌కతా ఇచ్చాం. అమెరికా రిపోర్టులో యూఎస్/ఈస్టర్న్ తీసేసి అమెరికా/న్యూయార్క్ పెట్టాం. యూజర్ల టేబుల్‌లో మాత్రం క్రోమ్ బ్రౌజర్ నుంచి వచ్చిన కలకత్తాలు వందల్లో ఉన్నాయి, రేపు కూడా వస్తూనే ఉంటాయి. అందుకే లెగసీ ప్యాకేజీని తీసెయ్యలేదు, తీసెయ్యమని ఎవరికీ చెప్పను కూడా.

కలకత్తా, కోల్‌కతా రెండు పేర్లూ ఒకటేనా అని, జోన్ చరిత్ర చూపించే జెడ్‌డంప్ కమాండ్‌తో సరిచూస్తుంటే, 1906కి ముందు వరసల్లో ఎమ్‌ఎమ్‌టీ అని కనబడింది. మద్రాసు టైమ్, గ్రీనిచ్ కంటే 5 గంటల 21 నిమిషాల 10 సెకన్లు ముందు. అది అలా ఇంకా భద్రంగా ఉండటం చూసి సంతోషమేసింది.

స్క్రిప్ట్‌లో రెండు మార్పులు చేశాను. జోన్ ఫైల్ లేకపోతే అక్కడే ఆగి మెయిల్ పంపుతుంది. అదే పేరుతో ఫైల్ ఉంటే దానిమీద రాయదు. మంగళవారం పొద్దున లేవగానే ఫోల్డర్ తెరిచాను. మంగళవారం తేదీతోనే ఉంది.