కుక్క నన్నూ మా దూడనూ కరిచాక 28 రోజులు

గంగమ్మ జాతర ముగిసిన వారానికి జరిగింది ఇది. మాది చంద్రగిరి పక్కన పల్లె, ఇంట్లో రెండు జెర్సీ ఆవులు, ఒక పెయ్య దూడ. తెల్లారి ఐదింటికి పాలు పిండడానికి కొట్టంలోకి పోతే, ఎక్కడిదో ఒక కుక్క దూడ మూతి పట్టుకుని లాగుతోంది. కట్టె తీసుకుని అదిలించాను. దూడను వదిలి నా మీదికొచ్చి పిక్క పట్టుకుంది, రెండు పళ్లు బాగా దిగాయి. ఆ తర్వాత ఎటు పోయిందో, ఊళ్లో ఎవరికీ మళ్లీ కనబడలేదు.

అవ్వ సున్నం, పసుపు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. పెట్టొద్దన్నాను. మోటారు వేయించి, ధారగా పడే నీళ్ల కింద కాలు పెట్టి బట్టల సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగాను. రేబిస్ వైరస్‌కు పైన కొవ్వు పొర ఉంటుంది, సబ్బు ఆ పొరను పాడు చేస్తుంది, అందుకే గాయం మీద కారమూ కాఫీ పొడీ అద్దడం కన్నా ఈ కడగడమే మొదటి మందు. నాయన చేతులకు పాలిథిన్ కవర్లు చుట్టుకుని దూడ మూతి కూడా అలాగే కడిగాడు.

మొదట దగ్గర్లో ఒక ప్రైవేటు క్లినిక్‌కు పోయాం. టీటీ వేసి, గాయానికి రెండు కుట్లు వేస్తామన్నారు, కుక్కను పది రోజులు చూసి ఆ తర్వాత రమ్మన్నారు. కనబడని కుక్కను ఎట్లా చూసేది? కుక్క కళ్ల ముందే ఉన్నా సూదులు ఆ రోజే మొదలుపెట్టాలి, అది పది రోజులు బాగుంటే అప్పుడు ఆపవచ్చు, అంతే. కుక్కకాటుకు వీలైనంత వరకు వెంటనే కుట్లు కూడా వేయకూడదు. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి కానీ ఆ మాట వినగానే ఏదో తేడాగా అనిపించి, కుట్లు వద్దని చెప్పి బస్సెక్కి తిరుపతి పెద్దాసుపత్రికి వచ్చేశాం. ఆ క్లినిక్ మాట నమ్మి ఇంటికి పోయేవాళ్లు ఎంతమంది ఉంటారో అని ఇప్పటికీ కోపం వస్తుంది నాకు.

అక్కడ నర్సు అడిగిన మొదటి ప్రశ్న "రక్తం వచ్చిందామ్మా?" అని. వచ్చిందంటే అది మూడో రకం కాటు, టీకా ఒక్కటే చాలదు, సీరం (రేబిస్‌ను ఎదిరించే శక్తి ముందే తయారై ఉన్న మందు) కూడా కావాలి. టీకా వేశాక మన ఒంట్లో రేబిస్‌ను ఎదిరించే శక్తి తయారు కావడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది, ఆలోపు గాయంలో ఉన్న వైరస్ నరంలోకి పోకుండా పట్టడానికి ఈ సీరం. గుర్రం నుంచి తీసింది కిలోకు 40 యూనిట్ల లెక్క, నేను 55 కిలోలు కాబట్టి 2200 యూనిట్లు. దాన్ని గాయం లోపలా చుట్టూ పొడిచారు. నొప్పికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. టీకా మాత్రం అసలు నొప్పే లేదు, రెండు భుజాల మీద చర్మంలోకి 0.1 మిల్లీలీటరు చొప్పున.

ఇంటికొచ్చాక అవ్వ నా పొట్ట వైపే చూస్తోంది. "బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులా అమ్మణ్ణీ?" అంది. వాళ్ల మరిదికి అట్లా వేశారంట. ఆ పాత టీకాను మన దేశంలో 2005 నాటికే ఆపేశారని చెబితే గానీ అన్నం తినలేదు.

సాయంత్రం పశువుల డాక్టరు గారు వచ్చి దూడను చూశారు. నా అసలు టెన్షన్ అక్కడ మొదలైంది. ఈ వైరస్ రక్తంలో కాదు, నరాల వెంట మెదడుకు పాకుతుంది, అక్కడి నుంచి మళ్లీ లాలాజల గ్రంథుల్లోకి దిగుతుంది, కాబట్టే కాటుతో ఇంకొకరికి అంటుతుంది. నాకు కరిచింది పిక్క, దూడకు మూతి. మూతి నుంచి మెదడు ఎంత దూరం! దానికి 0 (అంటే మొదటి సూది వేసిన రోజు), 3, 7, 14, 28 రోజుల్లో సూదులు రాశారు, నాకు 0, 3, 7, 28. తల్లి దగ్గర నుంచి విడిగా కట్టేసి బక్కెట్‌తో పాలు పట్టమన్నారు. ఒకవేళ చొంగ కారుస్తూ గొంతు మారి అరిస్తే, ఏదో ఇరుక్కుందని నోట్లో చెయ్యి పెట్టొద్దని గట్టిగా చెప్పారు, పల్లెల్లో చాలామంది చేసేది అదే.

నేను ఆయన్ని ఒకటి అడిగాను. ఇంతకుముందు మా పెద్దావుకు లంపీ వచ్చినప్పుడు ఒళ్లంతా గడ్డలు, జ్వరం, నేనే వట్టి చేతులతో వేపాకు పసుపు రాశాను, నాకేమీ కాలేదే, మరి ఇదెందుకు ఇట్లా? లంపీ పశువుల వైరస్, దోమలూ ఈగలూ గోమార్లూ మోసుకొస్తాయి, చర్మంలో పెరుగుతుంది, మనిషికి రాదు అన్నారు. రేబిస్ పట్టుకునేది నరాన్ని, ఆ నరం కొస కుక్కకూ ఆవుకూ మనిషికీ ఒకే తీరుగా ఉంటుంది, అందుకే పాలిచ్చే ఏ జంతువునూ వదలదు. కొట్టంలో కోళ్ల సంగతేమిటని అవ్వ అడిగింది, వాటికి భయం లేదన్నారు.

లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు, పొదిగే కాలం మామూలుగా రెండు మూడు నెలలు, ఒక్కోసారి వారమే. రేబిస్ వస్తే నీళ్లు మింగుడుపడవు. ఇవన్నీ తెలిసిన దగ్గర నుంచి రోజూ పొద్దున దూడ ముందు నీళ్ల బక్కెట్ పెట్టి, అది తాగేదాకా అక్కడే నిలబడేదాన్ని. ఏడో రోజు నాకు జ్వరం వచ్చింది, రాత్రంతా నిద్ర లేదు, తెల్లారి గొంతులోకి నీళ్లు దిగుతున్నాయా అని నేనూ రెండు చెంబులు తాగి చూసుకున్నాను. అది మామూలు జలుబు.

28వ రోజు నాకు పొద్దున, దానికి సాయంత్రం చివరి సూది. మళ్లీ ఎప్పుడైనా కుక్క కరిస్తే ఈ చీటీ చూపించమని, అప్పుడు సీరం అక్కర్లేదు, 0, 3 రోజుల టీకాలు చాలని నర్సు చెప్పింది. చీటీని రేషన్ కార్డు కవర్లో పెట్టాను, దూడ చీటీ కూడా అందులోనే ఉంది. నాలుగు నెలలు దాటింది, మూతి మీద మచ్చ తప్ప దానికేమీ లేదు, తల్లి దగ్గరే కట్టేస్తున్నాం.