దామలచెరువు మామిడితో కేస్ ఇంటర్వ్యూ

ఎంబీఏకి అమెరికా వెళ్లే మన పిల్లలకి ముందుగా ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. ఆగస్టు చివర్లో క్లాసులు మొదలైతే సెప్టెంబరుకల్లా కన్సల్టింగ్ కంపెనీలు, అంటే వేరే కంపెనీల వ్యాపార సమస్యలకి సలహాలిచ్చేవి, క్యాంపస్‌లో దిగిపోతాయి. ఇంకా ఇల్లు సర్దుకోకముందే, అకౌంటింగ్ మొదటి పరీక్ష రాయకముందే, వచ్చే వేసవి ఇంటర్న్‌షిప్ కోసం ప్రెజెంటేషన్లు, కాఫీ చాట్లు, విందులు, జనవరికల్లా ఇంటర్వ్యూలు. ఆ ఇంటర్న్‌షిప్‌లో మెప్పించినవాళ్లకే చాలావరకు అసలు ఉద్యోగం. రెండేళ్ల చదువని వెళ్తాం గానీ తేలాల్సింది మొదటి ఐదు నెలల్లోనే తేలిపోతుంది.

దాని మీద అప్పు ఒకటి. ఏడాదికి ఫీజే 80 వేల డాలర్లు దాటిన స్కూళ్లున్నాయి, తిరుపతిలో ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టి వెళ్లినవాళ్లకి ఆ అంకె నిద్రలో కూడా కనిపిస్తుంది. ఆ తర్వాత వీసా. చదువయ్యాక అక్కడే పనిచేయనిచ్చే ఓపీటీ ఒక ఏడాది, కోర్సుకి స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) గుర్తింపు ఉంటే ఇంకో రెండేళ్లు. ఆలోపు ఉద్యోగ వీసా హెచ్-1బీ లాటరీలో పేరు రావాలి, ఏడాదికి 65 వేల వీసాలు, అక్కడ మాస్టర్స్ చేసినవాళ్లకి అదనంగా 20 వేలు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ పిటిషన్ల మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటించినప్పటినుంచి పిల్లల్ని పంపే ఇళ్లలో ఇదే టెన్షన్. అందుకే నన్ను అడిగినవాళ్లకి నేను చెప్పేది ఒకటే: ర్యాంకు తర్వాత చూడండి, ఆ ఎంబీఏకి స్టెమ్ గుర్తింపు ఉందా లేదా అని స్కూలుని ముందు అడగండి.

ఈసారి సెలవుకి తిరుపతి వస్తే మా బాబాయి కూతురు కేస్ ఇంటర్వ్యూ నేర్పమని నోటుపుస్తకం పట్టుకుని కూర్చుంది. ఈ ఆగస్టులో తనూ వెళ్తోంది. ఈ కన్సల్టింగ్ కంపెనీలు పెట్టే కేస్ ఇంటర్వ్యూ అంటే తెలియనివాళ్లకి: ఒక కంపెనీ సమస్య చెప్తారు, అరగంటో ఇంకాస్తో టైమిస్తారు, కాలిక్యులేటర్ ఉండదు, నువ్వు వాళ్లతో మాట్లాడుతూ దాన్ని విప్పుకుంటూ పోవాలి. పెద్ద కన్సల్టింగ్ కంపెనీల్లో మెకిన్సీలో ప్రశ్నలు ఎక్కువగా వాళ్లే నడిపిస్తారు, బీసీజీ, బెయిన్‌లలో ఎటు పోవాలో చాలావరకు నువ్వే తేల్చుకోవాలి. మన పిల్లలకి లెక్క సమస్య కాదు, లెక్కలో మనవాళ్లే ముందు. మనసులో చేసేసి జవాబు మాత్రం చెప్తారు, అదీ ఇబ్బంది. ఎంసెట్ కోచింగులో పెరిగినవాళ్లకి నోరు విప్పి ఆలోచించడం అంటే టైం వేస్టు. ఎదురుగా కూర్చున్నవాళ్లు వినాలనుకునేది మాత్రం ఆ ఆలోచననే. నువ్వు నిశ్శబ్దంగా కూర్చున్న ప్రతి నిమిషం నీ గురించి వాళ్లకేమీ తెలియకుండా పోయిన నిమిషం.

చెల్లికి అమెరికా విమాన కంపెనీల కేసులు ఇవ్వబుద్ధి కాలేదు. "ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి రెండేళ్లుగా లాభం తగ్గుతోంది, ఎందుకో చెప్పు" అన్నాను. "రాబడి, ఖర్చు అని రెండుగా విడదీస్తానక్కా" అని పుస్తకంలోది గడగడా అప్పజెప్పింది. బాబాయికి దామలచెరువు దగ్గర తోతాపురి తోట ఉంది, ఆయన పక్కనే కూర్చుని వింటున్నారు. "మీ నాన్ననే అడుగు" అన్నాను. 2025 సీజన్లో ఫ్యాక్టరీ ముందు ట్రాక్టర్లు ఎలా బారులు తీరాయో ఆయన మొదలుపెట్టారు. "ముందేటి గుజ్జు డ్రమ్ములే ఇంకా కదల్లేదన్నారమ్మా, కొత్త కాయ యాడ పెట్టుకుంటారు?" ఆ ఏడు కిలోకి ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి 12 ఇవ్వాలని తేల్చారు, గుర్తుందా.

అక్కడినుంచి కేసు నడిచింది. గుజ్జు ఏడాది దాటినా పాడవదు, కాబట్టి పాత నిల్వ ఎంతుందో ముందు తెలియాలి. కాయ వచ్చేది ఓ రెండు నెలలు, అమ్మేది ఏడాది పొడుగునా, కాబట్టి కొన్న డబ్బుకి వడ్డీ ఎవరు మోస్తున్నారో తెలియాలి. కొనేది శీతల పానీయాల కంపెనీలా, ఎగుమతి వ్యాపారులా? పదివేల టన్నుల కాయ కిలో 8 చొప్పున అంటే 8 కోట్లు, ఏడాది ఆగితే పది శాతం వడ్డీకి 80 లక్షలు. ఇది చెల్లి చటుక్కున చెప్పింది. మిలియన్లలో చెప్పమంటే ఆగిపోయింది. 80 మిలియన్లు, 8 మిలియన్లు. చిన్న విషయంలా ఉంటుంది గానీ ఒత్తిడిలో సున్నా తప్పేది ఇక్కడే, రోజూ పేపర్లో కనిపించిన ప్రతి కోటినీ మార్చి పైకి చదవమన్నాను.

ఈ కేసు ఊరికే ఎంచుకోలేదు. నేను కన్సల్టింగ్ ఉద్యోగంలో చేరాక కాలిఫోర్నియాలో టమాటా పేస్టు చేసే క్లయింటు దగ్గర పనిచేశాను. అమెరికాలో ఫ్యాక్టరీకి పోయే టమాటాలో 90 శాతానికి పైగా ఆ ఒక్క రాష్ట్రంలోనే పండుతుంది. అక్కడా అదే పద్ధతి, కొద్ది నెలల పంట, లారీల బారులు, ఏడాదంతా అమ్మకం. తేడా ఏమిటంటే అక్కడ రైతుల సంఘం ఫ్యాక్టరీలతో కూర్చుని టన్ను ధర ముందే మాట్లాడుకుంటుంది, గిట్టకపోతే రైతు ఆ ఏడు తక్కువ నాటుకుంటాడు. మనదగ్గర కాయ కోసి బండికెక్కించాక కూడా ధర తేలదు, పైగా మామిడి చెట్టుని ఒక ఏడాది మానేయమనలేం. నేను మా బాబాయి తోట చూసి పెరిగినదాన్ని కాబట్టి ఆ ప్లాంటులో మొదటిరోజే "పోయినేటి పేస్టు ఎంత మిగిలింది?" అని అడగగలిగాను. కేసుని విడదీయడానికి పుస్తకాల్లో ఇచ్చే ఏ ఫ్రేమ్‌వర్కులోనూ ఆ ప్రశ్న చదవలేదు.

చెల్లికి ఇంకా కష్టమైంది ఇంటర్వ్యూలో రెండో భాగం, తన గురించి చెప్పుకోవడం. నలుగురిని కూడగట్టి ఏదైనా సాధించిన సందర్భం చెప్పమంటే "అందరం కలిసి చేశాం" అని ఆగిపోతుంది. పెద్దల ముందు సొంత గొప్ప చెప్పుకోకూడదని పెంచారు మమ్మల్ని, దాన్ని తప్పనను. కానీ అక్కడివాళ్లకి నువ్వు చేసిన ముక్క విడిగా కావాలి. ఇంజనీరింగులో హాస్టల్ మెస్ లెక్కలు తనే సరిచేసిందట, అది బాబాయి చెప్తే గానీ నాకు తెలియలేదు. ఎవరిని ఒప్పించావు, ఎవరు అడ్డుపడ్డారు, ఎంత మిగిలింది అని తవ్వితే పది నిమిషాల కథ వచ్చింది.

ఇప్పుడు తిరుపతి నుంచే ఈ ఏడు వెళ్తున్న ఇంకో ఇద్దరితో కలిసి రాత్రి తొమ్మిదికి ఫోన్లో కేసులు చేస్తోంది, ఒకరు అడగాలి, ఒకరు చెప్పాలి, ఒకరు తప్పులు రాయాలి. సీజన్ ఉండగానే ముగ్గురూ దామలచెరువు మండీకి పోయి తోతాపురి ధర ఎవరు, ఏ గంటకి, ఏం చూసి కడతారో అడిగి రావాలని పని పెట్టాను. బాబాయి తీసుకెళ్తానన్నారు.