అమ్మ అడుగులతో కాశీ

కాశీ నుంచి వచ్చి పది రోజులు కాలేదు. గంగపూజ ఇంకా చేయలేదు. గంగ చెంబులు, కాలభైరవుడి నల్లదారాలు దేవుడి ముందు పళ్ళెంలోనే ఉన్నాయి. ఆదివారం బంధువులను భోజనానికి పిలిచి పంచాలి. ఈలోగా మనసులో ఉన్నదంతా రాసి పెట్టుకోవాలనిపించింది.

రెండేళ్ళ కిందట అమ్మ స్నానాల గదిలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ నేను బయట బల్ల మీద కూర్చుని ఒకటే మొక్కుకున్నాను: ‘విశ్వనాథా, అమ్మ తన కాళ్ళ మీద తాను నిలబడితే నీ గుమ్మం దాకా నడిపించి తీసుకువస్తాను.’ ఆర్నెల్లు మంచం, ఆ తరువాత వాకర్, ఆ తరువాత చేతికర్ర. ఈ కార్తికంలో అమ్మా నేనూ సికింద్రాబాద్‌లో దానాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాము. ఇద్దరికీ కాశీ అదే మొదటిసారి.

ఆ రైలు కాశీలోకి వెళ్ళదు. గంగకు ఇవతలే, ఒకప్పటి మొగల్‌సరాయి, ఇప్పటి దీనదయాళ్ ఉపాధ్యాయ జంక్షన్‌లో దిగి ఆటో మాట్లాడుకున్నాము. రాజ్‌ఘాట్ వంతెన మీదికి వచ్చేసరికి తెల్లవారుతోంది. ఎడమవైపు నది ఒడ్డంతా నెలవంకలా ఒంగి, మెట్లు, గోపురాలు, మంచులో కరిగీ కరగని దీపాలు. ఉత్తరానికి తిరిగి ప్రవహించే గంగ కాబట్టి సూర్యుడు సరిగ్గా ఘాట్లకు ఎదురుగా లేస్తాడు. అమ్మ ఆటోలోంచే చేతులు జోడించింది. ‘కాశీకి పోయినవాడు, కాటికి పోయినవాడు ఒక్కటే’ అని భయపడిన రోజుల్లో మా ముత్తవ్వ వాళ్ళూరు పొలిమేర దాటి ఇక్కడికి రాలేకపోయిందట. ఆ మాట అమ్మ ఆ వంతెన మీద గుర్తు చేసుకుంది.

బస విషయంలో నేను పెద్ద పొరపాటు చేశాను. కిటికీ తీస్తే గంగ కనిపించాలన్న ఆశతో ఘాట్ పక్కనే గది తీసుకున్నాను. ఆటో రోడ్డు మీదే ఆగిపోయింది. అక్కడి నుంచి ఇద్దరు పక్కపక్కన నడవలేని సందులు, ఆవులు, మోటారు సైకిళ్ళు, చివరికి గదికి చేరడానికి నిటారుగా మూడంతస్తుల మెట్లు. అమ్మ పైకి వచ్చేసరికి పెదవులు తెల్లబోయాయి. గంగ కనిపిస్తోంది గానీ అమ్మ ముఖం చూసి నాకు ఏడుపు వచ్చింది. మర్నాడే పాండే హవేలీ వైపు మారాము. అక్కడ ఆంధ్రాశ్రమం ఉంది, చుట్టూ తెలుగు బోర్డులున్న బసలు ఉన్నాయి, సోనార్‌పురా రోడ్డు దగ్గర. మాకు కింది అంతస్తులో గది దొరికింది. సందులో నడుస్తుంటే ‘అమ్మా, కేదారేశ్వరుడి గుడి ఇటే’ అని ఎవరో ఒకరు తెలుగులో చెబుతూనే ఉంటారు. మధ్యాహ్నం విస్తట్లో పప్పు, చారు చూసి అమ్మ స్థిమితపడింది. మొదటిసారి పెద్దవాళ్ళతో వచ్చేవారికి నేను చెప్పేది ఇదే: విశ్వనాథుడి గుడికి దగ్గరని గొదౌలియా రద్దీలో దిగకండి, నది కనిపిస్తుందని మేడ మీద గది తీసుకోకండి. ముందు మెట్లు లెక్కపెట్టండి.

కాశీలో క్షేత్రపాలకుడైన కాలభైరవుడి అనుమతి ముందు కావాలి కదా, మొదటి దర్శనం ఆయనదే. విశాలాక్షి గుడికి మీర్ ఘాట్ సందుల్లో వెళ్ళాము. మన దక్షిణాది గుడిలాగే ఉంటుంది, ఆ రంగుల గోపురం చూడగానే ఇంటికి వచ్చినట్టు అనిపించింది. కేదార్ ఘాట్ దగ్గర మెట్లు చాలా నిటారు. అమ్మ దిగలేదు. పై మెట్టు మీద కూర్చోబెట్టి నేనే దిగి, చెంబుతో గంగ తెచ్చి తల మీద పోశాను. మూడు చెంబులు పోసేసరికి చలికి వణుకుతూ నవ్వింది. మునక వేయలేదన్న లోటు ఆమెకు లేదు, నాకూ లేదు.

ఇక విశ్వనాథుడి దర్శనం. సోమవారం, కార్తికం, తెల్లవారుజామునే వెళ్ళినా వరుస అప్పటికే గేటు దాటి ఎంతో దూరం ఉంది. ఫోను లోపలికి రానివ్వరు, బయట అరల్లో పెట్టాలి. చక్రాల కుర్చీ అడుగుదామంటే అమ్మ ఒప్పుకోలేదు. ‘నడిపించి తెస్తానన్నావు కదా మొక్కులో’ అంది. గంట గడిచింది. వెనక నుంచి తోపు. వయసు మళ్ళిన మనిషి చేతికర్రతో ఉందని కూడా చూడరు. హరహర మహాదేవ అంటూనే మోచేతులతో పొడిచేవారిని చూస్తే కడుపు మండిపోయింది. పైగా డబ్బిస్తే త్వరగా పంపిస్తామని చెవిలో గొణిగేవాళ్ళు. ఆ కోపంలో నా పంచాక్షరి ఎక్కడ ఆగిపోయిందో కూడా గమనించలేదు.

రెండో గంటలో అమ్మ కాలు వణకడం మొదలైంది. కూర్చుందామంటే నేల తడి, మనుషులు మీద పడతారు. అప్పుడు మా ముందున్న ఆవిడ వెనక్కి తిరిగింది. అమ్మ వయసే ఉంటుంది. మాటను బట్టి ఒడియా అనుకున్నాను. తన నెత్తి మీది బట్టల మూట దించి నేల మీద పెట్టి, అమ్మ భుజం నొక్కి దాని మీద కూర్చోబెట్టింది. వరుస నాలుగడుగులు జరిగితే అమ్మను లేపేది, మూట ముందుకు జరిపేది, మళ్ళీ కూర్చోబెట్టేది. అలా ఎన్నిసార్లు! ఎవరైనా తోస్తే వాళ్ళ భాషలో గట్టిగా కసిరేది. మాకు ఆమె మాట అర్థం కాలేదు, ఆమెకు మాది అర్థం కాలేదు. మధ్యలో అమ్మ ‘విశ్వనాథుడు’ అంటే ఆమె ‘జగన్నాథుడు’ అని ఇద్దరూ తలలూపుకున్నారు. ఆ మూటలో ఆమెకు ఉన్న బట్టలన్నీ ఉన్నాయేమో. ఎవరో ఊరుకాని ఊరి మనిషి కూర్చోవడానికి వాటిని తడి నేల మీద పరిచింది.

గర్భగుడి ద్వారం దగ్గర క్షణకాలం. వెండి చట్రంలో, మారేడు దళాల నడుమ, పాలధార కింద చిన్న నల్లని లింగం. ఎంత చిన్నది! చిన్నప్పటి నుంచి మనసులో ఎంతో పెద్దగా ఊహించుకున్నాను. అమ్మ గుమ్మం పట్టుకుని నిలబడింది. కర్ర నా చేతిలో ఉంది. రెండు కాళ్ళ మీద, ఏ ఆసరా లేకుండా, రెండు చేతులూ ఎత్తి ‘స్వామీ, వచ్చాను’ అంది. అంతలోనే పక్కకు లాగేశారు. వెనక్కి తిరిగి చూస్తే ఒడియా ఆవిడ లేదు. అన్నపూర్ణ గుడి ముందు చాలాసేపు వెతికాము. కనిపించలేదు. పేరైనా అడగలేదు. అమ్మ ఇప్పటికీ సంకల్పంలో ఆమె కోసం ఒక మాట చేర్చుకుంటుంది.

మిగిలిన రోజులు తొందరగా గడిచాయి. సారనాథ్‌కు ఒక పూట, దశాశ్వమేధ ఘాట్ హారతి పడవలోంచి ఒక సాయంత్రం. పెద్దవాళ్ళకు పడవే మేలు, తోపులాట ఉండదు. ఆ పడవలోనే మణికర్ణిక దాటి, సింధియా ఘాట్ దగ్గర ఒరిగిపోయిన గుడిని చూసుకుంటూ పంచగంగ ఘాట్ దాకా వెళ్ళాము. విజయనగరం ప్రాంతంలో పుట్టి, కాశీలో స్థిరపడిన యోగి త్రైలింగ స్వామి మఠం అక్కడే ఉందని విని, మన తెలుగాయన కదా అని అమ్మ అంతదూరం నుంచే నమస్కారం చేసింది.

కాశీలో ఇష్టమైన పండు ఒకటి వదిలేయాలి. తనకు నచ్చని కాకరకాయను వదిలేసే వాళ్ళూ ఉంటారు, అమ్మ మాత్రం సీతాఫలం వదిలింది. అవంటే ఆమెకు ప్రాణం. నిన్న వీధిలో గంపతో ఒకామె వచ్చి పిలిచింది. అమ్మ గుమ్మం దాకా నడిచి వెళ్ళి, నాలుగు మంచివి ఏరి, నా చేతిలో పెట్టింది.