మళ్ళీ "గ్యాసే"

మావారికి ఈ వారం కూడా నైట్ డ్యూటీయే. బుడ్డోడు పడుకున్నాడు, నాకే నిద్ర రావట్లేదు. మా ఆస్పత్రికొచ్చిన ఒకాయన చీటీ మీద "గ్యాస్ నొప్పి" అని రాసి, ఎసిడిటీకిచ్చే పాంటాప్ సూది పొడిచి పంపించాడు ఊళ్ళో డాక్టరు. మనిషికి 45 దాటాయి, బొడ్డు పైన నొప్పి, చొక్కా చెమటతో ముద్ద. ఈసీజీలో గుండె కింది వైపుని చూపే రెండు, మూడు, ఏవీఎఫ్ లీడ్లలో ఎస్టీ గీత లేచి ఉంది, అంటే గుండెపోటు. గుండె కింది గోడ పోటు ఒక్కోసారి పొట్టలోనే తెలుస్తుంది మరి. నాలుక కింద నైట్రేట్ మాత్ర (రక్తనాళాల్ని వదులు చేసేది) పెట్టేముందు ఛాతీ కుడివైపు లీడ్లతోనూ ఈసీజీ తియ్యాలి. గుండె కుడి గదికి దెబ్బ తగిలుంటే ఆ మాత్రకి బీపీ ఢమాల్.

ఇలాంటప్పుడల్లా పాలకొండ వైపు కుర్రాడు గుర్తొస్తాడు. కోతల రోజులు, కళ్ళంలో గడ్డి మీద పడుకున్నాడు. తెల్లారగట్ల కడుపునొప్పి, వాంతులు. పొట్ట మెత్తగానే ఉంది, స్కాను నార్మల్. రెప్పలు వాలుతుంటే నిద్ర చాల్లేదనుకున్నారు. "మాటేటో ముద్దముద్దగా వస్తంది" అని వాళ్ళమ్మ అన్నాకే తేలింది, కట్లపాము కాటని. దాని కోరలు చిన్నవి, చాలాసార్లు గాటు కనపడదు, వాపుండదు. ఆ విషం పనిచేసేది నరం కొస మీద, రక్తం మీద కాదు, అందుకే 20 నిమిషాల్లో రక్తం గడ్డకడుతుందో లేదో చూసే పరీక్ష బాగానే వస్తుంది. అది చూసి ఇంటికి పంపారో, అంతే. పైకి చూడమనాలి, తల ఎత్తమనాలి, ఒక్క ఊపిరితో అంకెలు చదవమనాలి. 20కి ముందే ఆగిపోతుంటే ఊపిరి కండరాలు సన్నగిల్లుతున్నట్టే. విరుగుడు 10 వయల్స్ ఎక్కించినా అప్పటికే పడిపోయిన కండరం వెంటనే లేవదు, వెంటిలేటరే దిక్కు. బతికాడులెండి.

ఊరి డాక్టర్ని తిట్టడానికే కూర్చున్నాను గానీ, ఆయన దగ్గర ఈసీజీ మిషనెక్కడిది? అన్నీ ఉన్నచోట చేస్తున్నదేంటి? వేలి చుక్కతో షుగరు, మూత్రం పట్టీతో కీటోన్లు (షుగరు అదుపు తప్పితే పేరుకునే ఆమ్లాలు) చూస్తే బయటపడే కడుపునొప్పికి ముందు సీటీ స్కాన్ రాస్తారు. పొత్తికడుపు పట్టుకొచ్చిన మగపిల్లాడికి లాగు విప్పి చూడరు, మొహమాటమట! వృషణం మెలిపడితే 6 గంటల్లోపు విప్పాలి, ఆపైన గంట గంటకీ దక్కే ఆశ తగ్గిపోతుంది.

నొప్పితో వచ్చిన సీతంపేట పిల్లకి తగ్గింది, సికిల్ సెల్లే (ఎర్రకణాలు కొడవలిలా వంగే జబ్బు). సంతోషం.

ఈసీజీ కాగితం రోలు సాయంత్రమే అయిపోయింది. కొత్తదానికి పెట్టిన ఇండెంటు ఇంకా స్టోర్లోనే ఉంది, పొద్దున్నే వెళ్ళి దెబ్బలాడాలి.