కార్ట్‌లో పెట్టిన డబ్బా

ఆదివారం. స్కూల్ లేదు కాబట్టి పొద్దున్న హడావుడి లేదు, హడావుడి లేకపోతే పాపకి ఇంకా కష్టం, టైం ఎంత ఉంటే బాత్‌రూంలో అంతసేపు. నీళ్ల చప్పుడు వింటూ నేనూ మా ఆవిడా హాల్లో కూర్చున్నాం, ఇద్దరం ఫోన్లు చూస్తున్నట్టే ఉన్నాం గానీ చెవులు మాత్రం అటే. చప్పుడు ఆగుతుంది, హమ్మయ్య అనుకునేలోపు మళ్లీ మొదలవుతుంది. కడిగిన చెయ్యి ట్యాప్‌కి తగిలితే అంతా మళ్లీ మొదట్నుంచి. తొమ్మిదేళ్ల పిల్ల, వేళ్ల మధ్య చర్మం ఎర్రగా పగిలిపోయి ఉంటుంది. పాపకి ఓసీడీ, అంటే వద్దన్నా భయాలు వస్తూ, వాటిని ఆపుకోడానికి చేసిందే మళ్లీ మళ్లీ చేయించే జబ్బు.

బయటికొచ్చి అడిగే మొదటి ప్రశ్న రోజూ ఒకటే. "నాన్నా, నేను డోర్ ముట్టుకున్నా, తర్వాత అమ్మని ముట్టుకున్నా, అమ్మకి జబ్బు రాదు కదా?" ఇదివరకైతే రాదమ్మా అనేసేవాళ్లం, ఒక్క నిమిషం ముఖం తేటపడేది, మళ్లీ అదే ప్రశ్న. ధైర్యం చెప్పడం కూడా ఆ చేతులు కడగడం లాంటిదే, ఎంత ఇస్తే అంత అడుగుతుంది అని థెరపిస్ట్ చెప్పాక తగ్గిస్తున్నాం. ఇప్పుడు "ఇది ఓసీడీ అడిగిస్తోందేమో తల్లీ, నువ్వేమనుకుంటున్నావ్" అని ఊరుకోవాలి. ఊరుకోవడం అని రాయడం తేలికే, ఎదురుగా పిల్ల కళ్లనిండా నీళ్లు పెట్టుకుని నిలబడితే తెలుస్తుంది.

ఇలాంటి పూట మా అక్క దగ్గర్నుంచి మెసేజ్. "ఏవండీ, వదిన మళ్లీ పెట్టారు చూశారా" అంది మా ఆవిడ. అక్కకి తెలిసిన వాళ్ల అబ్బాయికి ఏదో పౌడర్ ఇస్తే నెలలోనే తగ్గిపోయిందట, ఇనోసిటాల్ అని. మందు కాదు, విటమిన్ లాంటిదే, సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు, ఇచ్చి చూడండి పోయేదేముంది అని. మా ఆవిడ అప్పటికే దాన్ని ఆన్‌లైన్ కార్ట్‌లో పెట్టేసింది, పక్కనే ఎన్ఏసీ క్యాప్సూల్స్, ఒమేగా-3, మెగ్నీషియం కూడా. నేనేం అనలేదు, ఎందుకంటే నా ఫోన్లో సెర్చ్ హిస్టరీ చూస్తే అవే పేర్లు ఉంటాయి. పాపకి సెర్ట్రాలిన్ అనే ఓసీడీ మందు మొదలుపెట్టారు, చిన్న డోస్, థెరపీ కూడా నడుస్తోంది, రెండూ నిదానమే. ఈలోపు మన చేత్తో మనం చేయగలిగేది ఏదైనా ఉంటే బావుండు అనిపించడం తప్పేం కాదు అనుకుంటా.

మధ్యాహ్నం పాప బొమ్మలు వేసుకుంటుంటే కూర్చుని ఒక్కోటీ చదివాను. అక్క చెప్పినది గాల్లో మాట కాదు, నిజంగానే ఒక స్టడీ ఉంది. 1996లో వచ్చింది. 13 మందికి రోజుకి 18 గ్రాముల ఇనోసిటాల్ ఆరు వారాలు ఇచ్చారు, అదే మనుషులకి ఇంకో ఆరు వారాలు డమ్మీ పౌడర్, ఏది ఎప్పుడో వాళ్లకి తెలియకుండా. ఇనోసిటాల్ తీసుకున్నప్పుడు లక్షణాలు తగ్గాయి. బావుంది కదా. కానీ వాళ్లంతా పెద్దవాళ్లు, 13 మందే, పైగా మామూలు ఓసీడీ మందులు వాడుతున్నవాళ్లకి దీన్ని కలిపి ఇచ్చి చూస్తే అదనంగా పెద్ద లాభం కనపడలేదు. మా పాప మందు మీద ఉంది, అంటే మాకు పనికొచ్చేది ఆ రెండో సంగతే. 18 గ్రాములంటే చిన్న చిటికెడు కాదు, రోజంతా చెంచాలు చెంచాలుగా తాగాలి, కడుపుబ్బరం, విరేచనాలు మామూలేనట. పెద్దవాళ్ల డోస్‌ని బరువుతో భాగించేసి పిల్లలకి ఇచ్చేయొచ్చు అనుకోవడం మన లెక్క, ఒంటి లెక్క అది కాదు.

ఎన్ఏసీ కథ ఇంకొంచెం తిరకాసు. ఎన్-ఎసిటైల్ సిస్టీన్, పారాసిటమాల్ ఎక్కువ మింగేసిన వాళ్లకి హాస్పిటల్లో విరుగుడుగా ఇచ్చేది ఇదే, కఫం పలచబడ్డానికీ వాడతారు. మెదడులో గ్లూటమేట్ అనే రసాయనాన్ని సర్దుతుంది, ఓసీడీలో దాని పాత్ర ఉండొచ్చు, కాబట్టి పని చేయొచ్చు అని ఆలోచన. 2012లో 48 మంది పెద్దవాళ్లకి, మామూలు మందుతో సరిగా తగ్గనివాళ్లకి, దీన్ని కలిపి 12 వారాలు ఇస్తే మేలు కనిపించింది. 2015లో ఇంకో చోట 44 మందికి రోజుకి 3 గ్రాములు 16 వారాలు ఇస్తే, మొత్తం మీద డమ్మీకీ దానికీ తేడా తేలలేదు. పిల్లల మీద చేసినవి ఇంకా చిన్నవి. నన్ను ఆపింది మాత్రం ఓసీడీకి దగ్గర చుట్టమైన జుట్టు పీక్కునే జబ్బు సంగతి. పెద్దవాళ్లలో ఎన్ఏసీ బాగా పనిచేసింది అని 2009లో వచ్చింది, అందరూ సంబరపడ్డారు, 2013లో 39 మంది పిల్లల మీద అదే చేస్తే డమ్మీ కంటే మెరుగ్గా ఏం లేదు. పెద్దవాళ్లకి పనిచేసిందని చిన్నవాళ్లకి పనిచేయాలని రూలేం లేదు. ఆ క్యాప్సూల్స్ మూత తీస్తే కుళ్లిన గుడ్డు వాసన వస్తుందట, గంధకం ఉంటుంది కాబట్టి. ముక్కుతో ఇంత పట్టింపున్న పిల్లకి అది ఇవ్వడమా, సరే.

ఒమేగా-3 గురించి ఎక్కువ రాయక్కర్లేదు, ఓసీడీకి ప్రత్యేకంగా చూసిన చిన్న ట్రయల్‌లో లాభం కనపడలేదు. మెగ్నీషియం ఎవరో నిద్ర బాగా పడుతుంది అన్నారని పెట్టింది, అంతే. విటమిన్ డి, బీ12, ఐరన్ మాత్రం వేరు. అవి తక్కువుంటే ఓసీడీ ఉన్నా లేకపోయినా సరిచేయాల్సిందే, అది రక్తపరీక్షతో తేలే విషయం.

చదువుతున్నకొద్దీ నిజంగా భయమేసింది ఒక్కచోటే. కార్ట్ కింద "ఇవి కూడా చూడండి" అని రెండు చూపిస్తున్నాడు, 5-హెచ్‌టీపీ, సెయింట్ జాన్స్ వర్ట్. మొదటిది ఒంట్లో సెరటోనిన్ అనే రసాయనంగా మారేది, రెండోది ఒక మొక్క, ఓసీడీకి పనిచేస్తుందేమోనని 2005లో 60 మంది మీద చూశారు, డమ్మీ కంటే మేలేం లేదు. పని చేయకపోతే పోనీ, ఈ రెండూ సెర్ట్రాలిన్ లాంటి మందులతో కలిస్తే ఒంట్లో సెరటోనిన్ ఎక్కువైపోయి వణుకు, జ్వరం, గుండెదడ, కంగారు వరకూ వెళ్లొచ్చు, ముదిరితే ప్రాణం మీదకి వస్తుంది. మా ఆవిడకి చూపించాను. "మొక్కే కదా అనుకుంటాం" అంది, ఇంకేం అనలేదు. ఈ పేజీలో ఏ డబ్బా మీదా "డాక్టర్‌తో చెప్పండి" అన్న మాట చదవగలిగే సైజులో లేదు. సప్లిమెంట్లని మందుల్లాగా ముందే పరీక్షించి వదలరు చాలా చోట్ల, డబ్బా మీద రాసినంతే లోపల ఉంటుందన్న గ్యారంటీ కూడా మనమే వెతుక్కోవాలి.

ఇదంతా ఒకెత్తు. నాకు అసలు అడ్డం వచ్చింది ఇంకోటి, ఏ స్టడీలోనూ కనపడనిది. కొన్నాళ్ల కింద పాపకి విటమిన్ డి తక్కువుందని పిల్లల డాక్టర్ చుక్కల మందు రాశారు. నాలుగు చుక్కలు, అంతే, ఎవరికైనా నిమిషం పని. మా ఇంట్లో అదొక కార్యక్రమం అయిపోయింది. చెంచా కడిగారా, ఎవరు కడిగారు, డ్రాపర్ కొస చెంచాకి తగిలిందా, పడింది నాలుగా ఐదా, నాలుగోది సగమే పడిందేమో, సగమైతే పని చేయదేమో, ఐదైతే విషమేమో. రెండో వారానికి మేమే గట్టిగా లెక్కపెట్టి వినిపిస్తున్నాం, మా ఆవిడ ఒకవైపు, నేను ఒకవైపు, సాక్షులం అన్నమాట. మందు తన పని తను చేసింది, రిపోర్ట్ మెరుగైంది, కానీ ఓసీడీకి తినడానికి ఇంకో కొత్త రుచి దొరికింది.

ఇప్పుడు రోజుకి గ్రాముల లెక్కన తూచి కలపాల్సిన పౌడర్ ఇంట్లోకి తెస్తే? తూకం మిషన్, గ్లాసు అడుగున మిగిలిన పొడి, పొద్దున్నది తాగానా లేదా అన్న అనుమానం, తాగకపోతే అమ్మకి ఏమవుతుందో అన్న భయం. అదీగాక మా సంగతి. రోజూ పిల్ల ముఖం చూసి ఇవాళ తగ్గిందా, నిన్నటికంటే బావుందా అని పరీక్షగా చూడ్డం మొదలవుతుంది. ఇంట్లో చెకింగ్ చేసే వాళ్లు ఒకరు ఉన్నది చాలు.

మా ఆవిడ ఊరికే ఒప్పుకోలేదులెండి. "అయితే ఏం చేయకుండా చూస్తూ కూర్చుందామా" అంది, కోపంగానే. ఆ మాటలో న్యాయం ఉంది. అప్పుడు థెరపిస్ట్ మొదట్లో చెప్పిన పెద్ద స్టడీ గుర్తుచేసుకున్నాం ఇద్దరం, 2004లో వచ్చింది, 7 నుంచి 17 ఏళ్ల పిల్లలు 112 మంది, 12 వారాలు. థెరపీ, సెర్ట్రాలిన్ కలిపి ఇచ్చినవాళ్లలో 53.6 శాతం మందికి దాదాపు లక్షణాలు పోయాయి. ఒక్క థెరపీతో 39.3, ఒక్క మందుతో 21.4, డమ్మీ మాత్రతో 3.6. రెండూ కలిపినా సగం మందికి పైచిలుకే, నూరు శాతం ఏం కాదు. కానీ మా పిల్ల ఇప్పుడు చేస్తున్నది సరిగ్గా ఆ మొదటి దారే. అది ఇంకా 12 వారాలు నిండనే లేదు. "ఇప్పుడు పౌడర్ మొదలెడితే, తగ్గితే దేనివల్ల తగ్గిందో ఎలా తెలుస్తుంది" అన్నాను. "తగ్గితే చాలు, దేనివల్లైతే ఏంటి" అంది. నా దగ్గర జవాబు లేదు కాసేపు. తర్వాత తనే అంది, "ఆపాల్సి వచ్చినప్పుడు ఏది ఆపాలో తెలియదు కదా" అని.

సాయంత్రం ప్రాక్టీస్. థెరపీలో భయాలని చిన్నదాన్నుంచి పెద్దదాకా నిచ్చెనలా పేర్చి ఒక్కో మెట్టూ ఎక్కాలి, ఈ వారం మెట్టు ఏంటంటే, బాత్‌రూం తలుపు గడియ ముట్టుకుని, కడుక్కోకుండా ఉండి, ఆ చేత్తోనే అమ్మ చెయ్యి పట్టుకోవాలి. భయం పదిలో ఎంత అంటే 8 అంది. మా ఆవిడ చెయ్యి చాపింది, పాప పట్టుకుంది, వదిలేయబోయి మళ్లీ పట్టుకుంది. "అమ్మకి ఏం కాదు కదా" అని సగం అడిగి నా వైపు చూసింది, నేను గోడ గడియారం వైపు చూశాను. కాసేపటికి 6 అంది. ఇంకాసేపటికి కార్టూన్ ఏం పెట్టాలో గొడవ మొదలెట్టింది, అంకె అడిగితే "అబ్బా నాన్నా, 3 అనుకో" అని విసుక్కుంది. అంత విసుగు చూసి అంత సంతోషించడం ఇదే మొదటిసారి.

తను నిద్రపోయాక డాక్టర్‌ని అడగాల్సినవి రాసుకున్నాం. బీ12, ఐరన్ పరీక్ష అవసరమా. సెర్ట్రాలిన్ డోస్ ఎప్పుడు చూస్తారు. థెరపీ, మందు రెండూ పూర్తిగా నడిచాక కూడా మిగిలిపోతే ఎన్ఏసీ లాంటిదాన్ని తన పర్యవేక్షణలో, ఒక్కదాన్నే, ఇన్ని వారాలు అని గడువు పెట్టి, ముందూ వెనకా ఓసీడీ స్కోర్ వేసి చూడ్డానికి ఒప్పుకుంటారా. ఆ చివరిది మా ఆవిడ రాయించింది, నేను కాదనలేదు, తలుపు పూర్తిగా మూసేయడం నాకూ ఇష్టం లేదు. అక్కకి ఏం రాయాలి అని కాసేపు తర్జనభర్జన పడి, "డాక్టర్‌ని కనుక్కుంటున్నాం అక్కా, నువ్వు పట్టించుకున్నందుకు సంతోషం" అని పెట్టాను. వెంటనే బొటనవేలు ఎమోజీ, దాని వెనకే ఇంకో లింక్, ఈసారి ప్రోబయాటిక్స్.

కార్ట్ ఖాళీ చేశాం. రేపు క్లాస్ టీచర్‌కి మెయిల్ రాయాలి, పాప మాటిమాటికీ చేతులు కడుక్కుంటానని అడిగితే ఏమని చెప్పాలో థెరపిస్ట్ రెండు వాక్యాలు పంపారు, అవి అందులో పెట్టాలి.