అన్నం మానేశాను, మళ్ళీ మొదలుపెట్టాను

కిందటేడు సంక్రాంతికి నా బరువు 86 కిలోలు, నడుము 40 అంగుళాలు. అత్తారింట్లో అరిసెలన్నీ తినేసి, కనుమ వెళ్ళిన మర్నాడే లో-కార్బ్ (కార్బ్స్, అంటే పిండిపదార్థాలు తగ్గించిన తిండి) అన్నాను. అన్నం, ఇడ్లీ, చపాతీ, పంచదార బంద్. గుడ్లు, చికెన్, పనీర్, ఆకుకూరలు. వారంలో 3 కిలోలు తగ్గాను. ఆఫీసులో నా గొప్పలు ఇంతా అంతా కాదు.

అందులో చాలా వరకు నీరేనని తర్వాత తెలిసింది. పిండిపదార్థం మానేస్తే ఒంట్లో చక్కెర నిల్వగా ఉన్న గ్లైకోజెన్ ఖర్చవుతుంది. గ్రాము గ్లైకోజెన్‌తో పాటు దాదాపు 3 గ్రాముల నీరు ఉంటుంది, అదీ పోతుంది. ఒక పెళ్ళిలో రెండు రోజులు భోంచేసేసరికి కిలోన్నర తిరిగొచ్చింది.

అయినా ఆకలి తగ్గిన మాట నిజం. ఆ ఊపులోనే 81కి వచ్చాను. అక్కడ నెలన్నర పాటు ముల్లు కదల్లేదు. విసుగొచ్చి వంటింటి డిజిటల్ కాటా కొన్నాను. "బంగారం తూస్తున్నారా?" అంది మా ఆవిడ.

తూచాక సంగతి బయటపడింది. కార్బ్స్ తక్కువే కదా అని సాయంత్రం టీవీ ముందు తినే వేయించిన పల్లీలు 90 గ్రాములున్నాయి. అంటే 500 కేలరీల పైనే! నేను భయపడి మానేసిన అన్నం 150 గ్రాములు పెట్టుకున్నా 200 దాటదు. ఇక కూరలో నూనె సంగతి చెప్పక్కర్లేదు, పెద్ద చెంచాడుకే 120.

ఆ రోజు నుంచి రోజుకి 1,800 కేలరీలని లెక్క పెట్టుకున్నాను. మధ్యాహ్నం 150 గ్రాముల అన్నం, పప్పు, కూర, మజ్జిగ. రాత్రి గుడ్లో, పెసరట్టో. పల్లీలు గుప్పెడే. తగ్గడం మాత్రం నత్తనడకే, వారానికి మూడు నాలుగు వందల గ్రాములు. నాలుగు నెలలకి 75, నడుము 36.

2018లో వచ్చిన స్టాన్‌ఫర్డ్ పరిశోధన గురించి ఆ మధ్యే చదివాను. 609 మందిలో కొందరికి కార్బ్స్, కొందరికి కొవ్వు తగ్గించి ఏడాది చూశారు. సగటున కార్బ్స్ తగ్గించినవాళ్ళు 6 కిలోలు, కొవ్వు తగ్గించినవాళ్ళు 5.3 కిలోలు తగ్గారు. చెప్పుకోదగ్గ తేడా లేదన్నమాట. ముందే చదివుంటే అన్నం మానేసిన ఆ మూడు నెలలు పప్పన్నం తినేవాణ్ణి.

మా బావమరిది కూడా అన్నం మానేస్తానన్నాడు. వాడికి షుగర్ మాత్రలున్నాయి, మోతాదు మార్చకుండా కార్బ్స్ తగ్గిస్తే షుగర్ పడిపోవచ్చు. ముందు డాక్టర్ దగ్గరికి పంపాను.

అన్నం ఇప్పటికీ నేనే తూచుకుంటాను. నెయ్యి మాత్రం మా ఆవిడ వేస్తుంది, ఆ విషయంలో నన్ను నమ్మదు.