పట్టాల ఎత్తున నిలబడి

ఈ రోజు నమూనా రైళ్ల ప్రదర్శనకు వెళ్లాను. అరగంటలో వచ్చేద్దామనుకున్నాను, మూడు గంటలు కదలలేకపోయాను. అక్కడి బండ్లు హెచ్‌ఓ స్కేలు అనే కొలతలో చేసినవి, అంటే అసలు రైలులో 87వ వంతు. పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లే! వంగి, కళ్లను పట్టాల ఎత్తుకు తెచ్చి చూశాను. ఆవిరి ఇంజను మలుపు తిరుగుతోంది, చక్రాలను కలిపే కడ్డీలు ఒకే లయలో ఆడుతున్నాయి. బొమ్మ అన్న సంగతే మరచిపోయాను.

బండి ఆగినప్పుడల్లా ఒక పెద్దాయన మెత్తని గుడ్డతో పట్టాలు తుడుస్తున్నారు. మోటారుకు కరెంటు పట్టాల నుంచి చక్రాల ద్వారానే అందుతుంది కాబట్టి కాస్త దుమ్ము చేరినా బండి తడబడుతుంది. “సగం పని తుడవడమే బాబూ” అన్నారు, ఎంతో ప్రేమగా.

ప్లాట్‌ఫారం మీద గోరంత మనిషి, చేతిలో సంచి. దాని పట్టీకి కూడా విడిగా రంగు వేశారు. అక్కడే చాలాసేపు నిలబడిపోయాను.